టిప్పు: నిర్వచనం, చరిత్ర, ఎగవేత

హోటల్లో తిన్నాక, బిల్లు కట్టాక, వడ్డించినవాడి చేతిలో కస్టమరు తన ఇష్టంతో పెట్టే డబ్బును టిప్పు అంటారు. ఈ నిర్వచనంలో ‘తన ఇష్టంతో’ అన్న ముక్క హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో 2025 మార్చి 28 నుంచి అందరికీ కంఠతా వచ్చేసింది. ఆ రోజు ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు సర్వీస్ ఛార్జీ మీద, దాన్ని బలవంతంగా వసూలు చేసే యజమానుల మీద. అయితేనేం, కొంపల్లి నుంచి మేడ్చల్ దాటేదాకా 44వ జాతీయ రహదారి మీద, తూంకుంట నుంచి తుర్కపల్లి దాకా రాజీవ్ రహదారి మీద టేబుల్‌కొక న్యాయకోవిదుడు పుట్టుకొచ్చాడు. నాటుకోడి పులుసు ముగించి, వేళ్లు చీకి, బ్రేవుమని తేన్చి, ‘కోర్టే చెప్పింది కదా భయ్యా, ఇవ్వాల్సిన పని లేదని’ అంటూ ఆయన తీర్పు చదువుతాడు. ఎదురుగా ప్లేట్లు ఎత్తుతూ వినేది ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చిన కుర్రాడు. వాడి జీతం ముచ్చట ఆ తీర్పులో లేదు.

పండగ పూట పనిచేసేవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు పెట్టడం తెలుగువాళ్లకు ఎవరో నేర్పిన విద్య కాదు. దసరా మామూలు ఉండనే ఉంది. పోస్ట్‌మ్యాన్‌కు ఇంత, లైన్‌మన్‌కు ఇంత, బట్టలుతికినవారికి ఇంత అని ప్రతి ఇంటికీ ఒక లెక్క ఉండేది. విల్లంబులు పట్టుకున్న పిల్లల్ని వెంటేసుకుని బడిపంతులు గడపగడపా తిరిగితే అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. దాన్ని దానం అనుకున్నవాళ్లు తక్కువ, బాకీ అనుకున్నవాళ్లు ఎక్కువ. నిజాం ఏలుబడిలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం రెండు దారులు పట్టింది. బక్షీస్ పైనుంచి కిందికి దిగేది, నజరానా కిందినుంచి పైకి ఎక్కేది. ప్రపంచంలోనే ధనవంతుడని పేరు మోసిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, పండగలకూ పుట్టినరోజుకూ దర్బారుకొచ్చినవాళ్ల దగ్గర నజరానా పుచ్చుకోవడం మాత్రం మానలేదు. ఈ రెండో దారి నేటి హోటల్ కౌంటర్ల దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. దానికి రసీదు కూడా ఇస్తారు.

సర్వీస్ ఛార్జీ కథ క్లుప్తంగా ఇదీ. ఇష్టముంటేనే ఇవ్వాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2017 ఏప్రిల్‌లోనే చెప్పింది. ఎవరూ వినలేదు. బిల్లులో దానంతటదే కలపకూడదు, ఇంకో పేరుతోనూ కలపకూడదు అని 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. 2023 సెప్టెంబరులో కోర్టు మధ్యంతరంగా దాని పేరు ‘స్టాఫ్ కాంట్రిబ్యూషన్’ అని మార్పించి, 10 శాతం దాటొద్దంది. 2025 మార్చిలో అసలు తీర్పు వచ్చింది. బలవంతపు వసూలు అన్యాయమని తేల్చి, పిటిషనర్లకు లక్ష రూపాయల చొప్పున ఖర్చులు వడ్డించింది. అప్పీలు విన్న ధర్మాసనం, 20 రూపాయల నీళ్ల సీసాను 100కు అమ్ముకుంటూ ఆ పైన సర్వీస్ ఛార్జీ కూడా దేనికయ్యా అని అదే ఏడాది ఆగస్టులో అడిగింది.

సంఘాలు కోర్టులో చెప్పుకున్న వాదం మాత్రం చదివి తీరాలి. ఈ డబ్బంతా సిబ్బందికే పోతుందట, ఆపితే సిబ్బంది నష్టపోతారట. సర్వర్ అనే మనిషి యజమానికి అఫిడవిట్ రాసేటప్పుడే గుర్తుకొస్తాడు. జీతం వేసేటప్పుడు, సెలవు అడిగినప్పుడు, జ్వరమొచ్చి మేడమీది రేకుల గదిలో ముసుగుతన్ని పడుకున్నప్పుడు గుర్తుకురాడు. 4,000 రూపాయల తిండి మీద 10 శాతం అంటే 400, ఆ 4,400 మీద 5 శాతం జీఎస్టీ 220, వెరసి 4,620. సర్కారు వాటా సర్కారుకు చేరుతుంది, దానికి లెక్క ఉంటుంది. ఆ 400లో వడ్డించినవాడికి ఎంత చేరిందో చెప్పే కాగితం ఏదీ బిల్లు వెంట రాదు.

ఇక చెల్లింపు విధానం. టిప్పును నోట్ల రద్దు కూడా కొట్టని దెబ్బ క్యూఆర్ కోడ్ కొట్టింది. 2016లో మొదలైన యూపీఐ 2025 ఆగస్టుకల్లా నెలకు 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. దేశం గర్వించదగ్గ సంగతే. పాత పద్ధతిలో 1,760 రూపాయల తిండికి జీఎస్టీ 88 కలిపి 1,848 అయితే, కస్టమరు నాలుగు అయిదువందల నోట్లు ఫోల్డర్లో పెట్టేవాడు. సోంపు ప్లేటుతో పాటు 152 తిరిగొచ్చేది. వంద నోటూ యాభై నోటూ విడివిడిగా, యాభై పైకి కనబడేలా పెట్టి తేవడం సర్వర్ వృత్తిలో మొదటి పాఠం. వంద జేబులోకి పోయేది, యాభై అక్కడే ఉండేది. చిల్లర మిగలడం అనే చిన్న అవకాశం మీద ఒక వృత్తి మొత్తం అదనపు ఆదాయం నిలబడి ఉండేదన్నమాట.

ఫోన్‌లో మిగలడం ఉండదు. పద్దెనిమిది వందల నలభై ఎనిమిది అంటే నలభై ఎనిమిదే, పైసా అటూ ఇటూ కాదు. కౌంటర్ మీది సౌండ్‌బాక్స్ ఆ అంకెను తెలుగులో, గట్టిగా, హోటలంతా వినబడేట్టు చదువుతుంది. పక్కన సర్వర్ ఫోల్డర్ పట్టుకుని నిలబడి ఉంటాడు. కస్టమరు రెండు అరచేతులూ తిప్పి చూపించి ‘చిల్లర లేదు భయ్యా, అంతా ఫోన్‌లోనే’ అంటాడు. ఆ మాట అనేటప్పుడు ముఖంలో ఒక ప్రశాంతత కనిపిస్తుంది. బీదవాడికి ఇవ్వలేకపోతున్న బాధ ఎంతమాత్రం కాదది. ఇవ్వకుండా బయటపడే దారి సాంకేతిక విజ్ఞానమే చూపించినందుకు కలిగే తృప్తి.

చిల్లర లేదన్న ఈ పెద్దమనిషే మరో గంటలో కండ్లకోయ దగ్గర ఫంక్షన్ హాల్‌కు పెళ్లికి వెళ్తాడు. చదివింపుల కవర్ తీస్తాడు. అందులో 1,116 పెట్టాలి. వెయ్యీ వందా సరే, పదహారు ఎక్కడిది? దొరుకుతుంది. కారు డాష్‌బోర్డులోనో, భార్య హ్యాండ్‌బ్యాగులోనో, పక్కవాడి జేబులోనో దొరుకుతుంది. కవర్‌కు రూపాయి బిళ్ల అంటించి ఉంటేనే కొంటాడు. ఆ ఒక్క రూపాయి లేకపోతే పెళ్లికొడుక్కి అశుభమని హడలిపోయే మనిషికి, యాభై రూపాయలు లేకపోతే సర్వర్‌కు ఏమవుతుందో పట్టదు.

తర్వాత బారాత్. డీజే బండి ముందు, అప్పుడే బ్యాంకు నుంచి తెచ్చిన పది రూపాయల కట్ట విప్పి, పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి, గాల్లోకి ఎగరేస్తాడు. ఆ నోట్లు ఏరుకునే పిల్లల్ని వీడియో తీస్తాడు. ఎగరెయ్యడానికి నోట్లుంటాయి, చేతికి ఇవ్వడానికుండవు.

సంక్రాంతి దాటాక కొమురవెల్లి మల్లన్న జాతరలో పట్నం వారానికి బయల్దేరతాడు. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటే పోవాలి, తిరుగు ప్రయాణంలో ఇక్కడే ఆగి తినాలి. మల్లన్న హుండీలో అయిదువందల నోటు నాలుగు మడతలు పెట్టి వేసి వస్తాడు. స్వామివారి దగ్గర నెట్‌వర్క్ సమస్యలు చెప్పుకునే ధైర్యం ఎవరికీ లేదు. కల్లు తాగిన చోట నగదు, కోడిపందెం దగ్గర నగదు, ఫ్లాటు రిజిస్ట్రేషన్‌లో సగం నగదు. కారు తీసిచ్చిన వ్యాలే కుర్రాడికైతే అడక్కుండానే యాభై ముడుతుంది, ఎందుకంటే తాళం వాడి చేతిలో ఉంటుంది. దేశమంతా డిజిటల్ అయిపోయి, నగదు పూర్తిగా అంతరించిన స్థలం ఒక్కటే మిగిలింది. అది సర్వర్ నిలబడ్డ చోటు.

దయగలవాళ్లు ‘నీ నంబర్ చెప్పు, కొట్టేస్తా’ అంటారు. డ్యూటీలో ఫోన్ దగ్గరుంచుకోకూడదని చాలా చోట్ల నియమం. ఫోన్ లాకర్లోనో మేనేజరు డ్రాయర్లోనో ఉంటుంది. నంబరు చెప్పినా ముందు టెస్టుకని ఒక రూపాయి పంపి, ‘వచ్చిందా?’ అని అడిగి, అంతలో పిల్లాడు ఏడ్చాడనో, కారు అడ్డమొచ్చిందనో లేచిపోయేవాళ్లున్నారు. రూపాయి మాత్రం వచ్చే ఉంటుంది. టేబుల్ మీది కోడ్ స్కాన్ చేస్తే టిప్పు బటన్ కనిపించే హోటళ్లూ వచ్చాయి. అది నొక్కితే డబ్బు యజమాని ఖాతాలో పడుతుంది. అక్కడినుంచి అది ఎటు నడుస్తుందో తెలుసుకోవడానికి తిన్నవాడెవడూ మళ్లీ వెళ్లడు.

పండగ సీజన్‌లో విషయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల, తూంకుంట, అలియాబాద్ వైపు రిసార్టుల్లో డిసెంబరు 31 రాత్రికి ప్యాకేజీలు పెడతారు. జంటకింత, ఒంటరి మగాడికింత, అన్‌లిమిటెడ్ అని పోస్టర్. డబ్బంతా వారం ముందే టికెట్ యాప్‌లో కట్టేసి ఉంటుంది కాబట్టి ఆ రాత్రి బిల్లనేదే రాదు. బిల్లు రాకపోతే టిప్పు ఇచ్చే ఘడియే రాదు. ఎంత శుభ్రమైన ఏర్పాటు! అన్‌లిమిటెడ్ అన్న మాట తిండికీ మందుకూ మాత్రమేనని కస్టమర్లు అనుకుంటారు. వడ్డించేవాడి పని గంటలకు కూడా అది వర్తిస్తుంది.

ఆ రాత్రి పళ్లాలు మోసేవాళ్లలో సగం మంది హోటల్ మనుషులు కూడా కారు. కాంట్రాక్టరు రోజుకూలికి తెచ్చిన కేటరింగ్ బాయ్స్. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదువుతూ ఫీజుకోసం వచ్చే పిల్లలు వీళ్లలో చాలామంది. నల్ల కోటు కాంట్రాక్టరుది, భుజాల దగ్గర రెండంగుళాలు జారుతుంది, చంక కింద పోయినవారం ఇంకెవడో పట్టిన చెమట చారలు ఉంటాయి. బో టై ఎలాస్టిక్‌ది. మధ్యాహ్నం రెండింటికి వ్యానెక్కితే అర్ధరాత్రి దాటాక టేబుల్ గుడ్డలు మడిచి, కోటు విప్పి అప్పజెప్పి, లెక్క చూసుకునేదాకా నడుము ఆనించడానికి కుర్చీ ఉండదు. హ్యాపీ న్యూ ఇయర్ అని అందరూ అరిచే నిమిషంలో వీళ్లలో ఒకడు మూడో టేబుల్ కింద ఎవడో పెద్దమనిషి కక్కింది బకెట్‌తో ఎత్తిపోస్తూ ఉంటాడు. ఆ పెద్దమనిషికి క్యాబ్ మాట్లాడి ఎక్కించేది కూడా వాడే. వాడు ఇంటికి పోవడానికి ఆ వేళప్పుడు జూబ్లీ బస్ స్టేషన్‌కు బస్సుండదు.

ఇందులో హాస్యమేమీ లేదు. ఒక రాత్రికి వేలకు వేలు తగలేసినవాడు, తన వాంతి ఎత్తినవాడికి వంద రూపాయలు ఇవ్వకుండా కారెక్కడం సిగ్గుమాలిన పని. దానికి కోర్టు తీర్పును అడ్డం పెట్టుకోవడం ఇంకా సిగ్గుమాలిన పని. ఆ తీర్పు హోటల్‌వాడి చెయ్యి కస్టమరు జేబులోంచి తీయించింది, అంతే. కస్టమరు గుండెలోంచి ఏదైనా తీసెయ్యమని అది చెప్పలేదు. ‘జీతమిస్తున్నారుగా’ అనే వాళ్లకు ఆ జీతమెంతో ఎప్పుడైనా అడిగారా అన్నదే జవాబు. అడగరు. పన్నీర్‌లో ముక్కలెన్ని ఉన్నాయో అడుగుతారు.

టిప్పు ఇచ్చేవాళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ జాతి డిసెంబరులో దిగే అమెరికా చుట్టాలు. డాలస్‌లో వీళ్లు 20 శాతం ఇస్తారు. ఇవ్వకపోతే సర్వర్ చూసే చూపుకు భయపడి ఇస్తారు. టెక్సస్‌లో టిప్పు మీద బతికే సర్వర్‌కు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇస్తే చాలు, మిగతా కనీస వేతనం టిప్పుల్లోంచే నిండాలి. ఆ ఫెడరల్ అంకె 1991 నుంచి కదల్లేదు. 2025లో టిప్పు ఆదాయం మీద ఏడాదికి 25,000 డాలర్ల దాకా ఫెడరల్ ఆదాయపన్ను మినహాయింపు ఇచ్చారు కానీ ఆ 2.13 జోలికి పోలేదు. యజమాని బాధ్యత కస్టమరు నెత్తికి, అక్కడినుంచి సర్కారు నెత్తికి పోయిందన్నమాట. ఇంత తెలిసిన చుట్టం మేడ్చల్‌లో పదిమందికి దావత్ ఇచ్చి, ‘ఇక్కడ ఆ కల్చర్ లేదు కదా’ అంటూ 20 రూపాయలు పెట్టి లేస్తాడు. 20 అన్న అంకె మాత్రం మరిచిపోడు. ఇక్కడ ఆ సంస్కృతి ఎందుకు లేదో దసరా మామూళ్లు పంచిన వాళ్ల నాయనమ్మ చెప్పాలి.

యాప్‌ల టిప్పు వేరే శాఖ. 2025 డిసెంబరు 25న, 31న గిగ్ కార్మికులు సమ్మె పిలుపు ఇచ్చాక, జొమాటో వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ కొత్త ఏడాది మొదట్లో కొన్ని లెక్కలు బయటపెట్టారు. అందులో డెలివరీ కుర్రాడికి టిప్పుగా వచ్చేది సగటున గంటకు 2 రూపాయల 60 పైసలు. కంపెనీ దాన్ని పారదర్శకత అనుకుంది. చదివినవాళ్లు తమ గురించిన వార్త అనుకోలేదు. బండి రాకముందే టిప్పు పెట్టమనే క్యాబ్ యాప్‌ల తమాషా మీద 2025 మేలో నోటీసులు వెళ్లాయి. అది టిప్పు కాదు, వేలంపాట.

వచ్చిన టిప్పు పంపకం గురించి. కొన్ని చోట్ల ఎవరికి వచ్చింది వారిదే. ఎక్కువ చోట్ల కౌంటర్ పక్కన తాళం డబ్బా ఉంటుంది, రాత్రికో వారానికో విప్పుతారు. వంట మాస్టర్‌కు, తందూరి దగ్గర నిలబడేవాడికి, గిన్నెలు తోమేవాళ్లకు వాటా పెడితే అది న్యాయమైన పద్ధతి, ఎందుకంటే కూర బాగుందని ఇచ్చిన డబ్బులో కూర వండినవాడి హక్కు ఉంది. కెప్టెన్‌కు రెండు వాటాలు ఎందుకో అతనికే తెలియాలి. పగిలిన గ్లాసు ఖరీదు, బిల్లు ఎగ్గొట్టి పారిపోయిన టేబుల్ ఖరీదు ఆ డబ్బాలోంచి కోసే యజమానులూ ఉన్నారు. వ్యాపారంలో నష్టం పనివాడి మీదికి నెట్టడం న్యాయం కాదు. లాభంలో వాటా అడిగితే వీళ్లే వ్యాపారం అంటే రిస్కు అని పాఠం చెబుతారు.

న్యాయమైన టిప్పు ఎంత? మామూలు రోజున బిల్లులో పదో వంతు, సీజన్ రాత్రుల్లో తిన్న మనిషికి వంద చొప్పున. ప్యాకేజీ అయితే వచ్చేముందే విడి నోట్లు జేబులో వేసుకుని రావాలి, పెళ్లికి పదహారు రూపాయలు వెతుక్కున్నట్టే. నోటుగా, వడ్డించినవాడి చేతికి, అతని ముఖం చూసి ఇవ్వాలి. బిల్లులో సర్వీస్ ఛార్జీ కనబడితే తీయించి, ఆ డబ్బే చేతికివ్వాలి. తీయించినవాళ్లు చాలామంది ఉన్నారు. తీయించాక ఇచ్చినవాళ్లను సర్వర్లు పేరు పెట్టి గుర్తుంచుకుంటారు, అంత తక్కువ మంది. టిప్పు జీతానికి బదులు కాదు కాబట్టి, మీవాళ్లకు ఎంతిస్తున్నారని యజమానిని అడిగినా తప్పులేదు. 2025 డిసెంబరులో మేడ్చల్, తూంకుంట, కొంపల్లి మున్సిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిసి నగరమయ్యాయి. మెనూలో ధరలు అంతకు చాలా ముందే నగరమయ్యాయి. జీతాలింకా పంచాయతీలోనే ఉన్నాయి.

ఫిర్యాదు పద్ధతులు. బలవంతంగా సర్వీస్ ఛార్జీ వేస్తే కస్టమరు 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, తిన్న కుర్చీలోంచి లేవనక్కర్లేదు. కనీస వేతనం రాని సర్వర్‌కూ దారి ఉంది. 1948 నాటి కనీస వేతనాల చట్టం అయిదేళ్లకు మించకుండా వేతనాలు సవరించాలంది, 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది, బకాయి అడగడానికి మూడేళ్ల గడువిచ్చింది. అందుకు కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాలి. కార్యాలయం ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా. సర్వర్ డ్యూటీ పదకొండు నుంచి అర్ధరాత్రి దాకా. ఆదివారం కార్యాలయానికి సెలవు, సర్వర్‌కు డబుల్ డ్యూటీ.